ఈద్ రెండో రోజు, సూర్ రోడ్డు

మామా వాళ్ళ హాల్లో ఒక సముద్రం ఉంది.
బంగారు రంగు చట్రం, లోపల ఒకే ఒక్క అల,
విరగబోయి ఆగిపోయింది.
ఆరేళ్ళుగా వారానికి రెండుసార్లు
తడిగుడ్డతో దాన్ని తుడుస్తున్నాను.
అసలుది ఇరవై నిమిషాల దూరంలో ఉందని తెలుసు.
తెలిస్తే ఏం?

దీవెనమ్మకి లైసెన్సు వచ్చింది.
డ్రమ్ముల మధ్య రివర్సు తీయలేక నాలుగుసార్లు తప్పి,
ఐదోసారి
"యేసయ్యా, ఎనకమాల నువ్వు చూసుకో, ముందు నే చూసుకుంటా" అని
గేరు వేసిందట.
రువీలో తెల్లకారు అద్దెకి తీసుకుని
నలుగురం రియాళ్ళు పంచుకున్నాం.
పండగ బిర్యానీ వండిన ఇంట్లోనే వదిలేసి
ఖాదర్‌బీ మాకోసం పులిహోర కలిపి తెచ్చింది.

చెట్టు అనే మాట ఇంకా పుట్టని కొండలు.
మలుపు మలుపుకీ గంగులమ్మకి వాంతి.
కారాపడం, నీళ్ళివ్వడం,
"రాయచోటి బస్సే నయం" అని ఆమె అనడం.
కురియాత్ దగ్గర ఏ కబురూ లేకుండా
కొండ పక్కకి తప్పుకుంది.

నీలం.
నాకు తెలియకుండానే
చున్నీ కొసతో కారద్దం తుడిచాను.
మరక కాదు. అక్కడే ఉంది.

ఫిన్స్‌లో చెత్తడబ్బా చుట్టూ తెల్ల రాబందులు,
మొహం నిండా పసుపు పూసుకుని
పేరంటానికి తొందరగా వచ్చేసిన వాళ్ళలా
ఒకదాన్నొకటి చూసుకోకుండా నిలబడ్డాయి.
"తాంబూలాలు మరిచిపోయాం గదే" అంది ఖాదర్‌బీ.
నవ్వు ఆగక దీవెనమ్మ
వైపర్లు వేసేసింది.

తివీ దాటాక రోడ్డుకడ్డంగా ఒంటె.
బ్రేకు. పులిహోర డబ్బా నా ఒళ్ళోకి.
ఒంటె కిటికీలోకి వంగి
మా నలుగురినీ ఒక్కొక్కరినే చూసింది,
జీతాల రోజు పద్దులు చూసినట్టు.
అప్పుడే ఫోను మోగింది.
మామా.
ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టావనో, ఇంకేదో.
ఒంటె కదల్లేదు. నేనూ కదల్లేదు.
ఫోను మోగి మోగి
తనంతట తానే ఊరుకుంది.
ఆరేళ్ళలో మొదటిసారి.

సూర్‌లో ఊరు తెల్లగా నీళ్ళ అంచుకి దిగి ఉంది.
ఉప్పుటేట్లో గులాబీరంగు కొంగలు
ఒంటికాలి మీద, ఎవరి శిక్షా కాకుండానే.
పడవలు కట్టే దొడ్లో ఒక ముసలి వడ్రంగి
మేకు దించేముందు
చెక్కని బొటనవేలితో తట్టి వింటున్నాడు.
మేం ఐస్‌క్రీం తిన్నాం.
దేన్ని చూసి రావాలో తెలియని వాళ్ళలా
అన్నీ చూశాం.

రాత్రి రాస్ అల్ హద్ ఇసుకలో
ఎర్రలైటు పట్టుకుని గైడు సయీద్ ముందు, వెనక మేం.
తాబేలు, మా ఊళ్ళో రాగులు విసిరే తిరగలి కంటే పెద్దది,
తెడ్లలాంటి కాళ్ళతో ఇసుక ఎగజల్లింది.
సగం గంగులమ్మ నోట్లోకే.
"ఆ కన్నీళ్ళు ఏడుపు కాదు, ఒంట్లో ఉప్పు పోవడం" అన్నాడు సయీద్.
"నా బీపీ డాక్టరూ ఇదే అంటాడు" అంది, ఇసుక ఉమ్ముతూ.
ముప్పై ఏళ్ళు ఏ సముద్రాలు తిరిగినా
పుట్టిన తీరం వెతుక్కునే వస్తుందట.
ఖాదర్‌బీ మెల్లగా అడిగింది:
"దీన్ని బతాకా అడగరా?"
సయీద్‌కి అర్థమయ్యేసరికి
తాబేలు గుంత పూడ్చి
వెనక్కి చూడకుండా నీళ్ళలోకి పోయింది.
ఎవరూ ఏమీ అనలేదు. చలిగా ఉంది.

తెల్లారకముందే రువీ.
రెండు లారీల మధ్య సందులోకి
దీవెనమ్మ ఒక్క తిప్పులో రివర్సు పెట్టి
తాళం చెవి తీసి, కాసేపు అలాగే కూర్చుంది.

మర్నాడు చట్రం తుడిచాను.
గోళ్ళలో ఇసుక ఇంకా ఉన్నట్టుంది,
అల మీద, గాజుకి
సన్నటి గీత పడింది.

మామా ఇంకా చూడలేదు.