గీటు

పలాసలో మా బ్రాంచి మూసేస్తున్నారని
నాకు ముందుగా చెప్పింది టీ కుర్రాడు.
"సోమారం నుంచి బ్యాంకుకి టీలొద్దన్నారు, ఆచారి గారూ."

ఆ తర్వాతే పద్నాలుగు నిమిషాల వీడియో కాల్.
తెర మీద ఎండీ గారు,
వెనక అద్దాల బీరువా, అందులో ఎవరూ తెరవని పుస్తకాలు.
"బరువెక్కిన గుండెతో" అన్నారు.
బరువు తూచడం నా వృత్తి.
ముప్ఫై రెండేళ్ళుగా గురివింద గింజంత తేడా పట్టిన చేతులివి.
ఆ మాట ముల్లుని కదపలేదు.

బోర కూర్మారావు కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు,
తుడిచిన అద్దమే మళ్ళీ మళ్ళీ.
బెహరా మేనేజరు ఎందుకో తన కుర్చీలో కూర్చోలేదు.
హైమావతి, ఆరో నెల,
నోట్ల కట్టకి రబ్బరు బ్యాండు వేస్తూ మూడుసార్లు లెక్క తప్పింది.
మొన్న మార్చిలో ఆవిడకి అప్రైజల్‌లో 'అత్యుత్తమం' వచ్చింది.
నేను చేసే పని పేరూ అదే, అప్రైజల్.
నేనైతే రాయి మీద గీసి చూడందే ధర చెప్పను.
వీళ్ళని ఎవరు గీసి చూశారో.

దేశం మొత్తం మీద నాలుగువేల రెండొందల మంది.
ఆ అంకెలో నేను లేను.
ప్యాకెట్టుకి ఇంతని కమిషన్ మీద కూర్చున్నవాణ్ణి.
ఉద్యోగుల లెక్కలో లేనివాణ్ణి
తీసేసినవాళ్ళ లెక్కలో ఎలా వేస్తారు?

శ్రీకాకుళం బ్రాంచికి ఒక పెట్టె వచ్చిందట.
నగ లోపల పెట్టి మూత వేస్తే క్యారెట్లు చెప్తుందట.
చెప్పనీ.
ఆసిడ్ చుక్కలకి నా బొటనవేలు పసుపెక్కిన మాట నిజమే.
కానీ జీడిపిక్కల నూనెకి నల్లబడ్డ వేళ్ళతో
పుస్తెలతాడు తీసే మనిషి
చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి ఒక్క క్షణం ఆగుతుంది.
ఆ ఆగడాన్ని పెట్టె ఏ గడిలో రాసుకుంటుంది?

ఇంటికొచ్చేసరికి పోస్టులో లావుపాటి పుస్తకం,
బ్యాంకు వార్షిక నివేదిక.
మా నాన్న కొన్న పది వాటాలు నా పేరున ఉన్నాయి.
అంచేత నేను యజమానిని కూడా.
నూటపదిహేడో పేజీ.
జీతం, బోనస్, వాటాల హక్కు, ఇంటి అద్దె, 'ఇతరములు',
అంతా కలిపి ఎండీ గారికి పదకొండు కోట్ల నలభై లక్షలు.
అందులో కోటీ ఎనభై, ఖర్చు తగ్గించినందుకట.
ఆ ఖర్చుకి కళ్ళజోడుంది.
ఆ ఖర్చు నిన్న మధ్యాహ్నం తన క్యారేజీలోంచి
నాకు వంకాయ కూర వడ్డించింది.

కరెంటు బిల్లు వెనక లెక్క కట్టాను.
ఆయన ఒక్క రోజు
నా మూడేళ్ళ కన్నా కాస్త ఎక్కువ.
ఆదివారాలు కూడా కలిపే కట్టాను, అన్యాయం చెయ్యకూడదని.

ముందు కోపం రాలేదు. అలవాటు వచ్చింది.
గీటురాయి తీసి ఆ పేజీ అంచు రుద్దాను.
రాగి అయితే ఎర్రగా ఒప్పేసుకుంటుంది.
ఇత్తడి కూడా చుక్క పడేదాకా కాసేపు నటిస్తుంది.
దీనికి ఏ గీటూ లేదు,
కాస్త పొట్టు రాలిందంతే.
మా ఆవిడ చూసి, లైటార్పి పడుకోమంది.

పొద్దున్నే జీడి ఫ్యాక్టరీకి పోతూ
బమ్మిడి దాలమ్మ గుమ్మం ముందు ఆగింది.
కొంగు ముడిలో అడ్డబాస.
"బ్యాంకు తలుపులేసీసినారేటి బావూ?
సికాకులం దాకా ఎల్తే చార్జీలకే సగం పోద్ది."
సంగతి చెప్పాను. నిలబడి విన్నాది.
"అయితే మీ పనీ తాకట్టులో పోనాదేటి?
ఇడిపించుకోడానికి గడువేటైనా ఇచ్చినారా?
మాకైతే మూడు నోటీసులొస్తాయి గదా."

త్రాసు పళ్ళెం తుడిచి అడ్డబాస వేశాను.
రెండు గ్రాముల నూట నలభై మిల్లీ.
నోటితోనే చెప్పాను,
రాసివ్వడానికి చీటీలు బ్యాంకువి.
"మీకేటివ్వాల?" అంది.
నా ధర నాకు తెలీదు.
ఇన్నేళ్ళూ అదొక్కటే నేను కట్టలేదు.

నాలుగు జీడిపప్పు బద్దలు పళ్ళెంలో వేసి
సైరన్ కూస్తోందని గబగబా పోయింది.
తూచకుండా ఉండలేకపోయాను.
రెండున్నర గ్రాములు.
అడ్డబాస కన్నా బరువే.