చెట్ల సంఖ్య అనే గడి

ఏడు రోడ్ల కూడలిలో మేడ మీద గది.
కింద పునుగుల బండి, పైన నా సర్వరు.
గాలివాన వెళ్లి పదకొండు రోజులు.
కవిటి నుంచి, కంచిలి నుంచి, సోంపేట నుంచి
అర్జీలు వస్తున్నాయి.
కింద కానిస్టేబులు
ఏ బండిని ఏ రోడ్డుకి తొయ్యాలో చూస్తాడు,
నా కోడ్‌దీ అదే ఉద్యోగం.

అర్జీ అంటే మీకు కాగితం.
నాకు మూట.
పేరు, ఊరు, సర్వే నంబరు, పడిన చెట్ల సంఖ్య
ఒక్కో ముడీ విప్పి, దుమ్ము దులిపి
అవతలి పేజీకి అందించాలి.
ఆ పేజీకి చూపించడమే తెలుసు, అడగడం తెలీదు.
నేనిచ్చిందే చూపిస్తుంది.
ఇవ్వనిది లోకంలో లేనట్టే.

రాత్రి పదిన్నరకి ఒక మూట వెనక్కి వెళ్లింది.
మడ్డు తవిటయ్య, బొరివంక.
చెట్ల సంఖ్య అన్న గడిలో అంకె లేదు.
"లెక్కెట్టనేదు బావూ.
పడుకున్నోల్ని లెక్కెట్టకూడదంటాది మాయమ్మ."

నేను రాసిన నియమమే ఎర్రగా అరిచింది:
అంకెలు మాత్రమే.
మళ్లీ పంపాడు. అదే మాట.
మళ్లీ. ఈసారి చివర ఇంకో చుక్క కూడా.
నాలుగోసారి
సున్నా పెట్టాడు.

సున్నా నియమానికి నచ్చింది.
పచ్చగా నవ్వి లోపలికి రానిచ్చింది.
తెల్లారేసరికి తహసీల్దారు తెర మీద
తవిటయ్య తోట నిలబడే ఉంటుంది,
ఒక్క కొబ్బరిమట్టా రాలకుండా.

పునుగులవాడు పొయ్యి ఆర్పేశాడు.
నేను లాగ్ తవ్వి ఆ మొదటి మాట పైకి తీశాను.
పేజీకి గుచ్చుకోకుండా
కోట్ గుర్తులకి తొడుగులేశాను.
సున్నా పక్కన కొత్త గడి కట్టాను,
ఎవరూ అడగని గడి: రైతు మాట.
"ప్రింటులో పట్టదు" అంది సుభాషిణి, నిద్రకళ్లతో.
పట్టలేదు నిజమే.
అక్షరాలు చిన్నవి చేశాం.

ఉదయం ఎనిమిదికి వీఆర్వో ఫోను.
"ఇదేటండీ, ఇది లెక్క కాదు కదా?"
"కాదండీ."
"మరేటి సెయ్యమంటారు?"
ఆ ప్రశ్నకి నా దగ్గర ఏ ఫంక్షనూ లేదు.
"ఓపాలి ఎల్లి సూడండి" అన్నాను,
చాన్నాళ్లకి మా ఊరి నోటితో.

అవతల కాసేపు మాట లేదు.
తర్వాత
బండి తాళాల చప్పుడు.