ఎడమ వెనక చక్రం

నలభై దాటగానే మొదలవుతుంది.
అరవైలో, తేనెటీగల పెట్టెమీద కంబళి కప్పినట్టు
ఎడమ వెనకనుంచి ఒక గుయ్యి.
కుడికి తిప్పితే బరువంతా అటు ఒరిగి గొంతు పెంచుతుంది.
ఎడమకి తిప్పితే ఉత్త సణుగుడు.
"నాకేం వినపళ్ళేదే" అంటాడు చిదానంద్,
కిటికీ అద్దం ఎత్తేసి, ఫోన్ వైపు తిరిగి.

అటవీశాఖ వేలంలో కొన్న జిప్సీ ఇది.
తలుపు మీద చెరిపేసిన అక్షరాల నీడ ఇంకా ఉంది.
ఎన్ని అడవులు తిరిగిందో చెప్పదు.
సీటు కింద ఒకసారి నెమలీక దొరికింది,
ఇంకోసారి సగం రాసిన చలాన్ల పుస్తకం.

విల్సన్ గార్డెన్ వెనక సందులో
ఖాజాపీర్ చక్రాన్ని గాల్లోకి లేపాడు.
చేత్తో తిప్పుతూ, పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇరుసు గొట్టానికి ఆనించి
పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
డాక్టర్లు కూడా ఈమధ్య అంతసేపు వినడం లేదు.
"గులకరాళ్ళు నములుతాండాది" అన్నాడు
కదిరి వదిలి ముప్ఫై ఏళ్ళయినా వదలని యాసలో.

డ్రమ్ము ఊడింది.
లోపలంతా గేరాయిలు.
బ్రేకు లైనింగులు జాడీ అడుగు ముక్కల్లా నానిపోయి
ఒకటే వాసన: గంధకం, కుళ్ళిన ఉల్లి, తడి ఇనుము.
నెలరోజులుగా నేను తొక్కుతున్నది బ్రేకు కాదన్నమాట.
నంది కొండ దిగినప్పుడు కూడా.
పక్కన ఆయన గుర్రుపెట్టి నిద్రపోతున్నప్పుడు కూడా.

నాలుగు నట్లు. జారుడు సుత్తితో మూడు దెబ్బలు.
నాలుగో దెబ్బకి ఒరలోంచి కత్తిలా ఇరుసు బయటికొచ్చింది,
మెడలో అరిగిన బేరింగు,
దాన్ని వదలనివ్వని ఉక్కు ఉంగరం.
ఆ ఉంగరాన్ని లాగరు. గ్రైండరుతో గాటు పెట్టి,
ఉలి ఆనించి, ఒక్క దెబ్బ.
టక్కుమని విచ్చుకుంది.
ఇరుసు మీద గీత కూడా పడలేదు.
"పూర్తిగా కోద్దామని ఆశపడితే ఇరుసు పాయె."

జేసీ రోడ్డులో మూడు దుకాణాలు తిరిగాను.
మూడోవాడు నిజాయితీపరుడు:
"మీకు బేరింగు కావాలా, కంపెనీ డబ్బా కావాలా?"
సీలు మాత్రం చవక, రెండు మసాలా దోసెల ధర.
నల్ల రబ్బరు వలయం, లోపల వెంట్రుకంత స్ప్రింగు.
"ఇది మూడోదండీ" అన్నాను, ఇస్తూ.
"రెండేళ్ళలో మూడో సీలు."

ఖాజాపీర్ చేతిలో సుత్తి కింద పెట్టేశాడు.
ఆ ముక్క పొద్దున్నే చెప్పాల్సిందట.

బండి కింద దూరి, ఇరుసు గొట్టం నెత్తిన
బొటనవేలి గోరంత మూత,
లోపలి వేడిగాలి బయటికి పోయే దారి,
విప్పి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.
దాన్నిండా మట్టి.
బురద చిందినట్టు కాదు. నున్నగా, ఒద్దికగా, పనితనంతో.
ఏ అడవిలోనో ఏ కందిరీగో కట్టుకున్న ఇల్లు.
"ఊపిరి యాడికి పోవాల మేడమ్?
మెత్తగుండే చోటు ఎతుక్కుంటాది.
సీలు ఏం జేసె, పాపం."

మట్టిని సేఫ్టీపిన్నుతో గీకింది నేనే.
ఎందుకో వాణ్ణి చెయ్యనివ్వలేదు,
ఆ టీ తెచ్చే కుర్రాణ్ణి.

సాయంత్రం సన్నగా చినుకులు.
రేకు కింద కొత్త ఉంగరాన్ని మంటమీద పెట్టాడు.
తేనెరంగు రాగానే తీశాడు. నీలం తిరగకూడదు.
ఇరుసు మీద వదిలితే జారి తన చోట తనే కూర్చుంది.
చల్లారుతూ ఏదో చిన్నగా అంది.
ఇక అది ఎవరి మాటా వినదు.

మర్నాడు కనకపుర రోడ్డు.
నలభై. యాభై. అరవై.
గుయ్యి లేదు. టైర్ల కింద తారు వినపడుతోంది,
పక్కన ఎవరో బఠాణీలు అమ్మే కేక.
చిదానంద్ ఫోన్ దించాడు.
"అదేంటి, ముందునుంచి ఏదో టిక్కుటిక్కుమంటోంది?"

ఇన్నాళ్ళూ గుయ్యి చాటున దాక్కున్నదేదో.
"తెలీదు" అన్నాను.
"అద్దం దించు."