నమూనా సంతకం

నరసాపురం కోర్టులో బల్ల మీద
నలభై ఒక్క ఫొటోలు పరిచారు.
నలభై ఒక్క ప్రభంజన్‌లు, ఒకటే మీసం, ఒకటే నవ్వు,
కుడి భుజం కింద ఏటవాలుగా ఒకటే సంతకం,
చివర చేపతోకలా ఒక విసురు.

ఆ తోక నాది.

ఇరవై రెండేళ్ళు వడపళని మేడ మీద
వెనక గదిలో కూర్చుని పెట్టాను.
రోజూ గోనెసంచుల్లో వచ్చేవి ఉత్తరాలు.
"ఒరే అబ్బులూ, ఈ చెయ్యి కత్తికి లొంగుద్ది గానీ
కలానికి లొంగదురా, నువ్వే కానియ్" అనేవాడు
కొప్పాడి ముసలయ్య.
అంతర్వేదిపాలెంలో మూడో క్లాసు మధ్యలో లేచి
వల లాగడానికి పోయినవాడు.
పేరులో తప్ప
తెర మీద ఏనాడూ ముసలితనం రానివాడు.

పోయి పద్నాలుగు నెలలు.
గొడవ చితి దగ్గరే మొదలైంది,
వేలి నుంచి నీలం ఉంగరం ఎవరు తియ్యాలని.
అది షూటింగుకి కొన్న గాజురాయి.
నాకు తెలుసు, నేనే బేరమాడాను.
అప్పుడు చెప్పలేదు.

తర్వాత బీరువాలో వీలునామా దొరికింది.
రొయ్యల చెరువులు ఊళ్ళో ఉన్న మంగాయమ్మకి,
మేడ మద్రాసు హేమలత గారికి,
పాలకొల్లులో సినిమా హాలు తమ్ముడు పోసియ్యకి.
హాల్లో ఆటల్లేవు, మేత బస్తాలున్నాయి.
తెర చింపి వాటికే కప్పారు.
దానికీ ఇద్దరు వకీళ్ళు.

మేడ కన్నా చెరువులకే రేటుందిప్పుడు.
"ఇది మా నాన్న సంతకం కాదు"
అంది హేమలత గారి అమ్మాయి.
ఆ పిల్ల అబద్ధమాడలేదు.
తన ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా
తను చూసింది నా తోకనే.

హైదరాబాదు నుంచి నిపుణుడొచ్చాడు.
భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.
వీలునామా మీది అక్షరాలు
ఎదురుగాలికి తెడ్డేసినట్టు ఆగి ఆగి నడిచాయి.
'భం' దగ్గర కలం ఎత్తి, ఊపిరి తీసుకుని
మళ్ళీ ఆనించిన చోట సిరా మచ్చ.
తోక లేదు.
"ఇది దొంగది" అన్నాడు.
బ్యాంకులో నమూనాతో కూడా కలవలేదన్నాడు.
బ్యాంకుదీ నేను పెట్టిందే.

బోనెక్కాను.
"అయ్యా, ఆ ఒక్కటే ఆయనది.
మిగతావన్నీ నావి."

ఎంత ముట్టిందని అడిగాడు వకీలు.
వీలునామాలో నా పేరే లేదండీ, అన్నాను.
అది ఎందుకు లేదో నాకూ తెలీదు.
ఎవరో నవ్వారు.
ఫొటో ఇచ్చిన కొబ్బరి దింపు చిట్టియ్య
సంచీ చంకన పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు,
ఫొటో వెనక్కి అడగలేదు.

సాయంత్రం సఖినేటిపల్లి పంటు మీద
మంగాయమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.
చెరువులు నిలబడేట్టున్నాయి.
నాకో దణ్ణం పెడుతుందనుకున్నాను.

చాలాసేపు నీళ్ళకేసి చూసి అడిగింది:
"నెలనెలా వచ్చిన కార్డులో, అబ్బులూ?"

బల్లకట్టు మీద సైకిళ్ళు ఒరుసుకుంటున్నాయి.

"నీళ్ళెక్కువొచ్చిన ఏడు రాశాడు,
మంగా, గట్టు మీద పడుకోకు, పాములుంటాయి, అని.
ఆ కార్డు ట్రంకు పెట్టెలో పెట్టాను. అది కూడా?"

ఆ రోజు ఆయన ఊటీలో ఉన్నాడు.
పేపర్లో వరద ఫొటో చూసి
పాముల మాట నాకే తోచింది.

పొద్దున్న నిజం చెప్పొచ్చిన నోరు
గోదారి మధ్యలో ఎండిపోయింది.
"చెప్పి రాయించాడమ్మా" అన్నాను.
ఆగి ఆగి, ముసలయ్య రాసినట్టు,
తోక లేకుండా.

తల ఊపింది. నమ్మిందో లేదో.
రేవు దగ్గర పడుతుంటే
వాయిదా ఎప్పటికన్నారని అడిగింది.