చుట్టుగుంట సెంటర్లో మూడు రోజులు

సిగ్నల్ పోయింది.
స్తంభం మీద మూడు గుడ్డి కళ్ళు,
కింద నేను, హోంగార్డుని,
నోట్లో విజిలు, బూటుకి అంటుకునే తారు.

మొదటి రోజు లెక్చరర్ పానకాలరావు గారు స్కూటరాపి
"చూశావా ఎస్తేరమ్మా,
ఎవడూ చెప్పకపోయినా ఎంత చక్కగా పోతున్నారో!
మనిషి గొర్రె కాదు.
వదిలేస్తే వాడే నేర్చుకుంటాడు" అన్నారు.

నిజమే, కాదనను.
ఆ పూట మిర్చి టిక్కీలెత్తిన లారీ
స్కూలాటో కోసం బ్రేకేసింది.
ఒకడు చెయ్యూపాడు, ఇంకొకడు తలూపాడు,
కళ్ళూ కళ్ళూ మాట్లాడుకుని దారులిచ్చుకున్నాయి.
నేను సోడా బండి నీడన కూచుని
పదకొండేళ్ళుగా ఊదిన ఊపిరంతా
దండగేనా అనుకున్నాను.

రెండో రోజు తెలిసింది.
లారీకి బస్సు కనపడుతుంది,
బస్సుకి కారు, కారుకి బైకు.
బైకుకి సైకిలు సగమే కనపడుతుంది.
సైకిలుకి కూడా కనపడనిది
యార్డులో తొడిమలు తీసి వస్తున్న కోటమ్మ.
అరచేతుల మంట గాలికి ఆరబెట్టుకుంటూ
ముప్పావు గంట రోడ్డంచునే నిలబడింది.
ఎవరికీ ఆమె మీద కోపం లేదు.
ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

బాధ్యత కళ్ళల్లో ఉంటుందంటారు.
మాది గుంటూరండీ,
మార్చి నెలలో గాలికే ఘాటు.
యార్డు వైపు నుంచి ఒక్క తెర వీస్తే
అందరి కళ్ళూ ఒకేసారి మూతపడతాయి.
ఆ రెప్పపాటులో
ఎవరికి ఎవరు పూచీ?

విజిలూదాను. లారీ ఆగింది.
కోటమ్మ దాటింది.
ఎవరికీ దండం పెట్టలేదు.
కూలి డబ్బు లెక్క చూసుకుని
కొంగున ముడేసుకున్నట్టు
దాటింది.

మూడో రోజు లైట్లొచ్చాయి.
పానకాలరావు గారు పచ్చ పడకముందే వెళ్ళిపోయారు,
క్లాసుకి టైమైపోయిందట.
నవ్వొచ్చింది.
చలానా రాసే అధికారం నాకు లేదు.

నాకు మాత్రం దాపరికమెందుకు?
డ్యూటీ దిగి ఇంటికి పోతూ
లాడ్జి సెంటర్లో ఎర్ర లైటుని
ఎన్ని రాత్రులు చూడనట్టు దాటేశానో.
నన్ను నమ్మి నాకే వదిలేస్తే
నేనేం చేస్తానో నాకు తెలుసు.

నిన్న ఎందుకో ఆగాను.
పదకొండున్నర. కుక్క కూడా లేదు.
ఖాకీ మీద చున్నీ కప్పుకుని ఉన్నాను.
వెనకాల బైకు మీదొచ్చిన కుర్రాడు
పక్కనే కాలు నేలకానించి
"ఎవరూ లేరు కదక్కా!" అన్నాడు.

"నువ్వు లేవూ?" అన్నాను.

ఇంకా పదిహేడు సెకన్లున్నాయి.