కింది పూత

బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన రోజు
వెండి రంగు కొట్టకూడదని నాకెవరూ చెప్పలేదు.
చెప్పినా వినేవాణ్ణి కాదు.
ఏడు నెలలు,
సూర్యారావుపేట ల్యాబులో పగలంతా ఎవరెవరివో పళ్ళు చెక్కి
రాత్రి పదింటికి మేడమీద గదిలో
జానెడు విమానానికి రెక్కలు అతికించినవాణ్ణి,
ఇంకొక్క పూటలో అయిపోతుందంటే
ఎవరి మాట వింటాను?

కింద నిగనిగలాడే నలుపు.
దాని మీద వెండి, ముసురు గాలిలో, మూడు విసుర్లు.
ఐదు నిమిషాలు
నిజంగానే ఆకాశంలోంచి దిగినట్టుంది.
హైమని కేకేశాను. ఆమె మెట్లెక్కి వచ్చేలోగా
ముక్కు దగ్గర ఒక గీత,
గీతకో పిల్ల గీత,
చూస్తుండగానే ఒళ్ళంతా
మినుము తీసేసిన మాగాణిలా నెర్రెలు.
"బాగుంది, అచ్చం పాతదానిలా చేశావే" అంది.

మర్నాడు చెప్పుల పెట్టెలో పెట్టుకుని
ఆటోనగర్ వెళ్ళాను.
నాగుల్ మీరా నలభై ఏళ్ళుగా లారీలకు రంగేస్తున్నాడు.
మూత తీసి చూసి, నవ్వలేదు.
అది చాలు నాకు.
బొటనవేలి గోరు ఆనించి అన్నాడు:
"కింది పూత ఆరలేదు. పైపైన ఆరింది.
లోపల ఇంకా ఊపిరి తీస్తావుంది.
నువ్వు దాని మూతి మూసేశావు."
టీ వచ్చింది. సగం టీ అయ్యాక
"తీసెయ్" అన్నాడు.
"దీనిమీదే ఇంకోటి కొడితే?"
"లారీ అయితే కొట్టు. బురద కప్పేసుద్ది."
పాత దగ్గుమందు సీసాలో బ్రేక్ ఆయిల్ పోసిచ్చాడు.
డబ్బులు పుచ్చుకోలేదు.
"ఎగురుద్దా ఇది?"
"ఎగరదు."
"అయితే రంగు బాగుండాలి."

ముంచలేదు. లోపల పైలట్ ఉన్నాడు.
గాజు కప్పుకి టేపు చుట్టి
పాత టూత్‌బ్రష్షుతో,
చిగురుకి తగలకుండా గార తీసినట్టు,
అంగుళం తర్వాత అంగుళం.
నలుపు ముడతలు పడి లేచింది.
గుడ్డ నల్లబడింది, గోళ్ళు నల్లబడ్డాయి,
డాక్టరుగారు నా చేతులు చూసి
"షెడ్డు పెట్టావా?" అన్నారు.

వెండి పోయింది. నలుపు పోయింది.
ఎడమ రెక్క మొదట్లో
నేను దాచిన సందు తేలింది.
ఫిబ్రవరిలో, ఎవరు చూస్తార్లే అని
పుట్టీ కుక్కి వదిలేసిన సందు.
వెండి కింద అది కనపడేదా, కనపడేది కాదా,
నాకిప్పటికీ తెలీదు.
వాటర్ పేపరు తడిపి రుద్దాను.
రుద్దిన ప్రతిసారీ ఏదో ఒకటి పోతుంది.
గసగసాలకన్నా చిన్న రివెట్లు
తోకవైపు వరసంతా పోయాయి.
మళ్ళీ మొదలెట్టాను అంటాం గానీ
దొరికేది ఆ మొదలు కాదు,
కొంచెం అరిగిన మొదలు.
మైనప్పళ్ళు గీసే సూదితో
ఆ వరస మళ్ళీ పొడిచాను.
పదిహేడోది వంకర పోయింది.
ఏ వైపో చెప్పను.

ఈసారి ముందు ఐస్‌క్రీం చెంచాలు.
థర్మాకోల్ ముక్కలో ఐదు గుచ్చి,
వెనక తేదీలు రాసి, నలుపు కొట్టాను.
విమానానికీ అదే నలుపు, అదే రోజు.
వాసన రాని రోజు దాకా
వెండి డబ్బా ముట్టొద్దని నాగుల్ మీరా ఫోన్లో.
హైమ రోజూ దండెం మీద బట్టలు తీసుకుంటూ
వంగి వాసన చూస్తుంది.
"ఇంకా ఉంది" అంటుంది,
కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు.

టేపు కింద చీకట్లో
ఒంటి వెంట్రుక బ్రష్షుతో నేను మీసం పెట్టిన ఆ మనిషి
ఇదేమీ చూడలేదు.
కర్ర పట్టుకుని కూర్చునే ఉన్నాడు,
ఎదురుగా రన్‌వే ఉందనుకుని.

నిన్న వాన వెలిసింది.
బందరు కాలువ వైపు నుంచి గాలి పొడిగా వచ్చింది.
కంప్రెసరు మీద చెయ్యి వేశాను.
ముక్కు ఆనించి చూశాను.
ఉంది, సన్నగా.
ఉందో, ఉన్నట్టు అనిపించిందో.
చెయ్యి తీసి, మేడ దిగి,
అన్నం తిన్నాను.