లోపలి అంచు

చర్చి వీధిలో ముప్పై ఏండ్లు
చిత్తూరోళ్ళ కాళ్ళు కొలిచినోణ్ణి.
ఇప్పుడు నెలకోసారి, షట్టరు సగం దించి
నా పిక్కకే టేపు చుట్టుకుంటా.
ఉగాదికి పదమూడు.
నిన్న, పదిన్నరకు రెండు గీతలు తక్కువ.

పుత్తూరు కట్టు కట్టిచ్చుకోమంటాడు గుండీల మునెయ్య.
విరిగిందయితే కడతారు గానీ
కరిగేదాన్ని దేంతో కట్టేది?

స్విమ్స్‌లో డాక్టరమ్మ నరం బొమ్మ గీసింది.
నాకర్థమైంది ఇంతే:
పైనుంచి దారం రాకపోతే
సూది ఉత్త బొక్కలు పొడుస్తా పోతాది.

మిషనుకు మోటారు బిగించినా
కుడిపాదం ఇంకా పలక కోసం తడుముకుంటాది.
"నీకు పనిలేదులే, కూర్చో" అంటా.
చల్లగా ఉంటాది. పలకదు.

నా ప్యాంట్లన్నీ నేనే బిగువు చేసుకున్నా.
లోపలి అంచు గుడ్డ మాత్రం కత్తిరించలా,
ఎదిగే పిల్లోళ్ళకు వదిలినట్టు
రెండేసి అంగుళాలు మడిచి పెట్టినాను.